గంట గంటకీ పలికే సిలార్

నాలుగు మోతల తర్వాత హాల్లో ఫోన్ పక్కనున్న పెట్టె పలికింది. "నేను సిలార్‌ని. ఇంట్లో లేను. ఇంజను సంగతేందో చెప్పి పెట్టండి, వచ్చి చూస్తా."

సిలార్ చనిపోయి ఇరవై తొమ్మిది రోజులు. బోగోలు తీరంలో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిన, ఎవరూ ఫోన్ ఎత్తకపోతే బదులు పలికే ఆ పెట్టెలో తన గొంతు తనే నింపాడు. లైను ఖాళీ లేనప్పుడు వచ్చే ఫోన్లు పోకుండా ఫోన్ కంపెనీవాళ్ల వాయిస్ మెయిల్ కూడా పెట్టించాడు. అతని భార్య చాంద్‌బీ ఇప్పుడు ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటదు, పరాయి మగవాళ్లతో మాట్లాడదు. అందుకే ఫోన్ ఎత్తదు.

సిలార్ మాట ముగియగానే ఒక ఆడగొంతు మొదలైంది. "పదో తారీఖు పదకొండు గంటల ఐదు నిమిషాలకు మీకు ఒక సందేశం వచ్చింది." అది విననంతవరకూ వాయిస్ మెయిల్ గంటకోసారి ఇంటికి ఫోన్ చేసి గుర్తుచేస్తుంది. లేనివాడు పలుకుతాడు, ఎక్కడా లేని ఆడమనిషి బదులిస్తుంది. ఉప్పుగాలి కిటికీ రెక్క తీసి చూసి, మళ్లీ మూస్తుంది.

"ఆమెతో పలికినంత ఓపిగ్గా మా అబ్బా నీతో గూడా ఎప్పుడూ పలకలేదు గదమ్మీ," అంది కూతురు నిషాత్, బియ్యం ఏరుతూ.

"నోరు ముయ్యవే."

పదో తారీఖు ఆ సమయానికి తల్లీకూతుళ్లే ఈ ఇంటి ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు, లైను ఖాళీ లేదు. పదకొండుంపావుకు సిలార్ ఇసుకలో పడి ఉన్నాడు.

"రేపటికి నెల. నెల దాటితే కంపెనీవాళ్లు తుడిచేస్తారంట. ఇప్పుడన్నా విను."

"వింటే ఆమె మళ్లా చెయ్యదు. చెయ్యకపోతే ఆయన పలకడు."

"నా సెల్‌తో నేను చేస్తాలే."

"మనం పలికించుకునేది గాదు. వేరే ఎవురన్నా పిలస్తే పలకాల ఆయన."

అయినా మధ్యాహ్నం రెండు గంటలకు చాంద్‌బీ తలూపింది. నిషాత్ వాయిస్ మెయిల్ నంబరు నొక్కి రిసీవరు తల్లి చెవికి ఆనించింది. అలల చప్పుడు. ఇనుము మీద ఆకురాయి రాసినట్టు సిలార్ ఊపిరి. "ఎవురితో మాట్లాడతా ఉండావు చాంద్... సరే, కానీ. నేను వచ్చేస్తా ఉండా."

మూడయింది. ఫోన్ మోగలేదు. నాలుగయింది. హాలు నీళ్లు దిగిపోయిన తీరంలా ఉంది.

చాంద్‌బీ లేచి రిసీవరు తీసి చాప మీద పెట్టింది. లైను ఖాళీ లేకుండా పోయింది. కూతురి సెల్ తీసుకుని ఇంటి నంబరుకే చేసింది. వాయిస్ మెయిల్ ఎత్తింది.

"మాట్లాడేది అయిపొయ్యింది," అంది అందులోకి. "రా."

రిసీవరు మళ్లీ దాని చోట పెట్టింది. నిషాత్ చేట పక్కకు జరిపింది.

ఐదింటికి ఫోన్ మోగింది. చాంద్‌బీ కొంగు నెత్తిన సర్దుకుని, పెట్టెకు ఎదురుగా కూర్చుంది.