చెట్టు కల్లు

ఈ మాటను ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసి ఉంటే మిమ్మల్నీ అనుమానించేవాణ్ణి.

మాది బోధన్ పక్క పల్లె. నేను చెరుకు ట్రాక్టరు తోలేవాణ్ణి, సాయన్న చెరుకు కొట్టేవాడు. నాకంటే పెద్ద. సాయంత్రమైతే ఇద్దరం కల్లు దుకాణంలోనే. ఒక్కరోజు కల్లు దొరక్కపోతే చేతులు వణికేవి. సాయన్నకైతే ఫిట్స్ వచ్చాయి. నిజామాబాద్‌లో ఆసుపత్రిలో చేరి, నానా తిప్పలు పడి మానేశాడు. నేనూ మానేశానని అందరికీ చెప్పుకున్నాను.

అప్పుడే ఆ డాక్టర్లు కల్లు అలవాటు మీద పరిశోధన మొదలుపెట్టారు. మానేసినవాళ్లమని మా ఇద్దర్నీ పిలిచి, మీరు రోగులే కాదు, ఈ పనిలో మాతో సమానం అన్నారు. ఏం అడగాలో, ఏం పరీక్షించాలో మమ్మల్నే చెప్పమన్నారు. కుర్చీలు వేసి చాయ్ ఇచ్చారు. మాలాంటివాళ్లకు ఊరికే ఎవరు కుర్చీ వేస్తారు? పోలీసులతో కలిసి వచ్చారేమో అనుకున్నాను. సాయన్న మాత్రం నమ్మాడు. దుకాణం కల్లులో ఏదో మందు కలుపుతున్నారు, ముందు అది పరీక్ష చేయించండి అన్నాడు. వాళ్లలోని డాక్టరమ్మకు ఆ మాట ఎంత నచ్చిందో! సీసాలు తెచ్చే పని నాకు అప్పజెప్పింది.

నేను దుకాణానికి పోలేదు. వర్ని దారిలో తెలిసిన, కల్లు గీసే గౌడన్న దగ్గరికి పోయి, అప్పుడే చెట్టు మీది నుంచి దించిన, ఏమీ కలపని కల్లు సీసాల్లో పోయించుకుని తెచ్చి ఇచ్చాను.

ఎందుకు? దుకాణం మూతపడితే ఊరంతా నన్నే అంటుందని భయపడ్డాను, అంతే అని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. డాక్టర్ల మీది అనుమానం నాకు సాకుగా పనికొచ్చింది. నేను తాగుడు మానలేదు. దుకాణం మూతపడితే నేనెక్కడ తాగాలి? నిజం అదీ.

పరీక్షలో ఏమీ దొరకలేదు. సాయన్నను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ తర్వాతి మీటింగులో ఆయన మాట్లాడుతుంటే డాక్టర్లు రాసుకోవడం మానేశారు. తిరిగి వస్తూ బస్టాండులో అడిగాడు.

"తమ్మీ, మన దుకాణంలదే తెచ్చినవ్ గదా?"

"అవ్ అన్న. ఆడికెల్లే తెచ్చిన."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

"అట్లయితే నా దిమాగే ఖరాబైంది తియ్. ఉత్తగనే అనుమానపడ్డ."

ఆ చూపు నన్ను వదలదు. తెలిసిపోయిందా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు?

లేదు, ఆయనకు తెలియలేదు. కొన్నాళ్లకు దుకాణంలో కనిపించాడు. పరీక్షలో ఏం లేదన్నారుగా అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నాకూ ఒక సీసా తెప్పించాడు. నేను తాగాను. సిగ్గులేకుండా తాగాను.

ఇప్పుడు ఆయనకు ఫిట్స్ మళ్లీ వస్తున్నాయి. కల్లు మంచిదే, నా నరాలే మంచివి కావు అంటాడు. ఇక్కడ రాస్తే కాస్త ఊపిరాడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఆయనతో అనలేని మాట ఇదొక్కటే:

"సాయన్నా, నీ దిమాగ్ మంచిగనే ఉండె. ఆ సీసలు మన దుకాణంలయి కావు."