సుగ్గి ట్రాలీలో టీవీ

పోయిన ఆదివారం మా మామ ట్రాక్టరు తెచ్చి ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు ఆపాడు. మామంటే మా అమ్మకు తమ్ముడు, దేవనకొండ దగ్గర పల్లె. అరవై దాటినా నోరు మాత్రం పాతికేళ్ల పిల్లవాడిదే. నేను కుట్టుమిషను దగ్గర నుంచి లేచి బయటికి వచ్చేసరికి, ట్రాలీ పైన బిగించిన సోలార్ పలకను చూపించి ఒకటే మురిసిపోతున్నాడు. పైన పలక, కింద బ్యాటరీ, ఆ బ్యాటరీకి నేరుగా తగిలించే చిన్న టీవీ. ఇన్వర్టరు కూడా అక్కరలేదట, ఖర్చు తక్కువట, కరెంటు లేని చేలో ఎన్నాళ్లు మకాం వేసినా దిగులు లేదట. అంతటితో ఊరుకుని ఉంటే టీ పెట్టి ఇచ్చి పంపేదాన్ని. ఊరుకోలేదు. "నీ పరీచ్చప్పుడు ఇది ఉండింటేనా, ఈ పొద్దు నువ్వు కలెట్టరు అయ్యిందువు గదమ్మే!" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ మాట ఇంగొకసారి అన్నావంటే ఆ పలక ఈడనే పగలగొడతా మామా" అన్నాను. నవ్వు ఆగింది. ట్రాక్టరు కూడా ఎంతోసేపు ఆగలేదు. టీ పెట్టలేదు నేను.

వానలు మోసం చేసిన ఏడల్లా మా వైపు జనం గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గి అంటాం. నేను పదో తరగతి చదివే ఏడు మా మామ ట్రాక్టరు ట్రాలీలోనే పోయాం. ట్రాలీకి వెదురు దబ్బలు వంచి పైన టార్పాలిన్ కప్పితే అదే ఇల్లు. జొన్నల మూటలు, బొచ్చెలు, పొయ్యికి మూడు ఇనుప కడ్డీలు, ఒక మూల నా పుస్తకాల సంచి. కోతకు దిగిన చేలో కరెంటు లేదు, నీళ్ల బోరు కూడా ఎక్కడో. పొద్దంతా మిరప ఘాటుకు ముక్కులు కారేవి, చేతులు మండేవి, ఆ చేతుల్తో కళ్లు తుడుచుకుంటే ఇక చెప్పక్కరలేదు. అయినా నేను చదివాను. పదిలో మంచి మార్కులు వస్తే డబ్బు కట్టకుండా హాస్టలు పెట్టి చదివించే కాలేజీలో సీటు ఇప్పిస్తానని మా లెక్కల టీచరమ్మ మాట ఇచ్చి పంపింది. పరీక్షకు ముందు రోజు సాయంత్రం బస్సు ఎక్కించి పంపుతానని నాయన కూడా మాట ఇచ్చాడు. అంతకు ముందే పోతానంటే, ఆ చేను కోత తెగేదాకా మనిషి తగ్గకూడదని మమ్మల్ని కూలికి కుదిర్చిన మేస్త్రి ఒప్పుకోలేదు.

ఆ మకాంలో టీవీ పెట్టిన ఘనత మా మామది. ఆదోనిలో పాత టీవీ ఒకటి, ఒక డిష్ గొడుగు, ఇన్వర్టరు పెట్టె కొన్నాడు. బ్యాటరీ అంగడి భాయ్ పెద్ద మనిషి, మంచి మాటే చెప్పాడు: "సునో అన్నా, టీవీకి వేరే బ్యాటరీ తీస్కో. బండి బ్యాటరీకి తగిలిస్తే యాడనో ఒక సాట ఇరుక్కుంటావ్." మా మామ వింటాడా? రెండో బ్యాటరీ దండగ అన్నాడు. ట్రాక్టరు బ్యాటరీకే వైర్లు తగిలించి, జొన్నల మూట మీద టీవీ ఎక్కించాడు. పక్క మకాముల వాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. టీవీ ఉన్న ట్రాలీ మాదే అని నేనూ కొంచెం టెక్కు పోయాను, అబద్ధమెందుకు.

ఆయన ధీమాకు కారణం ఒకటుంది. మాది రాళ్ల నేల, ఎగుడు దిగుడు. మా ఊర్లో ట్రాక్టరును ఎప్పుడూ మిట్ట మీదనే, మూతి పల్లానికి పెట్టి ఆపుతారు. బ్యాటరీ చచ్చినా బ్రేకు వదిలి, దొర్లేటప్పుడు గేరు వేస్తే ఇంజను అందుకుంటుంది. పుట్టినప్పటి నుంచి అదే చూసినవాడు కాబట్టి బ్యాటరీ దిగడమంటే ఆయనకు లెక్కే లేదు. మేము దిగిన నల్లరేగడి చేను మాత్రం రొట్టె పెనంలాగా ఉంది. కంటికి ఆనినంత దూరం ఒక మిట్ట లేదు. రెండు నెలలు ఆ నేల మీదే తిరిగి కూడా ఆ సంగతి ఆయన బుర్రకు ఎక్కలేదు.

పరీక్షకు ముందు రోజు ఆదివారం, పొద్దున్నుంచీ టీవీలో క్రికెట్టు. నేను కూడా చూశాను, ఒడిలో పుస్తకం పెట్టుకుని. నాలుగు గంటలకు సంచి భుజాన వేసుకుని ట్రాలీ ఎక్కాను. ఐదింటికి రోడ్డు మీద బస్సు. మామ సెల్ఫు కొట్టాడు. టక్కుమంది, అంతే. మళ్లీ కొట్టాడు. ఆ టక్కు కూడా లేదు. ఆడా మగా ఇరవై మందిమి తోశాం. పక్క చేనికి కట్టిన నీళ్లు దారి మీదికి వచ్చి నేలంతా జిగట, చక్రం జానెడు దిగింది. పక్క మకాముల ట్రాక్టర్లు కాయల బస్తాలు వేసుకుని పోయి ఉన్నాయి, చేను ఆసామి స్కూటరు అడుగుదామంటే ఆయన ఆ పొద్దు ఊర్లోనే లేడు. "ఒరేయ్, నా బిడ్డ నోట్లో మన్ను కొడితివి గదరా!" అని మా అమ్మ గట్టు మీద కూలబడింది. మామ అప్పుడు ఏమన్నాడో తెలుసా? "మన ఊర్లో అయితే ఈ పాటికి దొర్లిచ్చేసిందును అక్కా" అన్నాడు.

నాయనా నేనూ పరుగులాంటి నడకతో రోడ్డుకు చేరేసరికి బస్సు పోయి గంటన్నర అయింది. దొరికిన లారీ, దొరికిన బస్సు పట్టుకుని మర్నాడు ఎమ్మిగనూరు బడి గేటు దగ్గర దిగేసరికి పిల్లలంతా పరీక్ష రాసి బయటికి వస్తున్నారు. నా పక్క బెంచీ పిల్ల తన ప్రశ్నాపత్రం నా చేతిలో పెట్టింది. గోడకు ఆనుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. అన్నీ వచ్చినవే. ఒక్కటన్నా రాని ప్రశ్న ఉండకూడదా అని ఏడ్చాను. నాయన మాత్రం నా సంచి పట్టుకుని రోడ్డుకు అవతల నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు.

తక్కిన పరీక్షలు రాశాను. పోయిన పేపరు జూన్‌లో రాసి పాసయ్యాను. అప్పటికి హాస్టలు సీట్లు నిండిపోయాయి. మరుసటి సుగ్గికి నన్ను నిండు కూలీగా లెక్క పెట్టుకున్నారు. మా మామ మీద కోపం పోలేదు, పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు. నా మీద నాకున్న కోపం మరీ పోలేదు, ఆ ఆట చివరి బంతి దాకా చూసినదాన్ని గదా. నా మార్కుల కాగితం మీద మార్చి అని ఉండాల్సిన చోట జూన్ అని ఉంది. నడుమ మూడే నెలలు గదా అంటారు అందరూ. ఇరవై ఏళ్ల నుంచి ఆ మూడు నెలల్లోనే బతుకుతున్నాను నేను.