మిగిలిపోయిన టైమవుట్

ఆర్లిస్ టాకెట్ తన పెళ్లికి తానే కోటు జేబులో రేడియో పెట్టుకుని వచ్చాడు. పాస్టరు ప్రమాణాలు చదివిస్తుంటే, కాలరు కిందనుంచి చెవిలోకి పాకిన సన్నటి తీగ నాకు రెండో వరస బెంచీలోంచే కనబడింది. "నీకు సమ్మతమేనా?" అని అడిగినప్పుడు వాడు కాసేపు ఆగాడు. పెళ్లికొడుకు సిగ్గుపడుతున్నాడని ఆడవాళ్ళందరూ మురిసిపోయారు. సిగ్గూ లేదు, నా మొహమూ లేదు. చెవిలో నడుస్తున్న బాస్కెట్‌బాల్ ఆటలో ఫ్రీ త్రో బుట్టలో పడుతుందో లేదోనని ఆగాడు. పడ్డాక సమ్మతమే అన్నాడు. ఆ పిల్ల క్రిస్టల్ రెండేళ్ళు ఓపిక పట్టి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను తప్పుపట్టే నోరు మా లారెల్ క్రీక్‌లో ఎవరికీ లేకపోయింది.

వాడి అక్క ఒనీడా మాత్రం తప్పు క్రిస్టల్‌దీ కాదు, తమ్ముడిదీ కాదు, మ్యాచ్ ఉన్న శనివారం చర్చి తలుపు తీసిన పాస్టరుదే అని తేల్చేసింది. కార్విన్ కాలేజీ బాస్కెట్‌బాల్ విషయంలో వాళ్ళింట్లో న్యాయం అలాగే ఉండేది. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక కంచె, ఒక కోళ్ళ గూడు. ఆ న్యాయం నేను పుట్టినప్పటినుంచీ వింటూనే ఉన్నాను.

వాళ్ళమ్మ పోయేనాటికి ఆర్లిస్‌కి పాలపళ్ళు కూడా ఊడలేదు. తండ్రి తెల్లారకముందే గనిలోకి దిగి చీకటిపడ్డాక పైకొచ్చేవాడు. ఒనీడా చదువు మానేసి, తమ్ముడికి తల దువ్వి, రొట్టె కాల్చి, బడికి తోలింది. తర్వాత అదే బడి వంటగదిలో పనికి కుదిరి, ఊరి పిల్లలందరికీ వడ్డిస్తూనే ముసలిదైపోయింది. తనకంటూ ఒక సంబంధం వచ్చింది, తమ్ముడు చిన్నవాడని వాయిదా వేసింది. వాయిదా వేసిన సంబంధాలు ఆగుతాయా? ఆ అబ్బాయి ఒహాయో వెళ్ళి వేరే పిల్లను చేసుకున్నాడు. ఒనీడా దాని గురించి ఎన్నడూ ఏడవగా నేను చూడలేదు. కార్విన్ ఓడిన రోజు ఏడవగా మాత్రం చాలాసార్లు చూశాను.

మా కొండల మధ్య రేడియో సరిగా పలికేది కాదు. ఆటలున్న రోజు చిన్న ఆర్లిస్ రేడియోకి కట్టిన రాగితీగ కొస పట్టుకుని ఇంటి వెనక గట్టెక్కి నిలబడేవాడు. కిందినుంచి ఒనీడా "పలుకుతోందిరా, కదలకు" అని కేకేసేది. వాడు చలికి వణుకుతూ కదలకుండా నిలబడితే, ఆమె ఆట విని వాడికి అరిచి చెప్పేది. పడితే "పడింది" అనేది, పోతే "పోయింది" అనేది. అక్క పడిందంటే పడినట్టే. వాడికి ఆటంటే అక్క గొంతే.

తర్వాత టీవీ వచ్చినా మా దగ్గర ఎవరూ దాని గొంతు వినరు. టీవీలో మాట్లాడేవాళ్ళు పైరాష్ట్రాల వాళ్ళు, మనవాళ్ళంటే గిట్టదు. అందుకని టీవీ గొంతు నొక్కేసి, బొమ్మ చూస్తూ మన రేడియో వింటాం. చిక్కేమిటంటే రేడియోలో మాట ముందొస్తుంది, టీవీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది. టీవీలో కుర్రాడు ఇంకా బంతి పైకెత్తుతుంటేనే రేడియోలో జనం కేకలు పెట్టేస్తారు. షుగరు వల్ల ఒనీడా కళ్ళు మసకబారాక ఇద్దరికీ అదే బాగా కుదిరింది. ఆమె రేడియోకి చెవి ఆనించి "పడింది" అంటే, వాడు తెర వైపు చూసి, "పడింది అక్కా" అని సాక్ష్యం చెప్పేవాడు. గనిలో కరెంటు పని, గని మూతపడ్డాక స్కూలు బస్సు నడపడం, ఆ కాస్త కాపురం, అన్నీ అయిపోయాక వాడి జీవితంలో మిగిలింది ఆ గదీ ఆ రెండు కుర్చీలే.

ఇక కార్విన్ కోచ్ స్టాంపర్ సంగతి చెప్పాలంటే నా నోరు మంచిది కాదు. మెరిసే బూట్లతో దిగాడు. ఏడాదంతా గెలిపిస్తాడు, మార్చిలో ఒక్కసారి ఓడితే ఇంటికే అనే పెద్ద టోర్నమెంట్ రాగానే మొదటి మ్యాచ్‌లోనే బోల్తా కొట్టిస్తాడు. ఓడిన ప్రతిసారీ మైకు ముందు నిలబడి పిల్లలు బాగానే ఆడారని, వచ్చే ఏడు చూద్దామని అంటాడు. ఏటా అదే పాట. మంగలి షాపు గోడ మీదున్న అతని ఫోటోకి జనం సున్నంతో మీసాలు పెట్టారు. కాలేజీ ఊళ్ళో అయితే ఓటమి తెల్లారేసరికి అతని ఇంటి ముందు గడ్డిలో "ఇల్లు అమ్మబడును" అని బోర్డులు పాతేసేవాళ్ళు. అతను వాటిని పీకించి మళ్ళీ మెరిసే బూట్లేసుకునేవాడు.

మ్యాచ్ అయిపోగానే రేడియోలో లోవెల్ అనేవాడు ఫోన్లు తీసుకుంటాడు. రాష్ట్రమంతా ఫోన్ చేసి కడుపులో ఉన్నది కక్కుతుంది. ఆర్లిస్ కూడా చేసేవాడు. "లారెల్ క్రీక్ ఆర్లిస్ గారు" అంటే లోవెల్‌కి గొంతుతోనే తెలుసు. వాడెప్పుడూ మర్యాద తప్పలేదు. గెలిచిన రోజు ఆ ఫోన్లు చివరిదాకా వినడం అక్కాతమ్ముళ్ళకు ఒక నియమం. పొగడ్తలు వినకపోతే గెలిచినట్టే కాదనేది ఒనీడా. ఓడిన రోజు మాత్రం రేడియో వెంటనే కట్టేసేవాళ్ళు.

శీతాకాలంలో ఒనీడాకి కడుపునొప్పి మొదలైంది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వస్తే, "చెప్పేదేదో మా తమ్ముడికి చెప్పండమ్మా, నాకొద్దు" అని గోడ వైపు తిరిగింది. ఆర్లిస్ వరండాలో విన్నాడు. ఇంటికొచ్చాక కాస్త బలం పుంజుకుంటే చాలని, నవంబరులో కొత్త సీజను మొదటి మ్యాచ్‌కి కాలేజీకే తీసుకెళ్తానని ఆమెకి చెప్పాడు. ఆమె నమ్మింది. వాడు ఏం చెప్పినా నమ్మేది.

కంచె దగ్గర నాకు మాత్రం నిజం చెప్పాడు. ఏడుస్తూనే చెప్పాడు.

"ఎండాకాలం దాకా ఉంటుందో లేదోనట రీథక్కా. ఈ ఒక్క మార్చి గెలిస్తే చాలు. ఆమెకి ఇంకో మార్చి లేదు."

అంత పెద్ద బరువు తీసుకెళ్ళి స్టాంపర్ నెత్తిన పెడితే మోస్తాడా? అని మనసులో అనుకున్నాను.

ఆ గురువారం మ్యాచ్ మధ్యాహ్నమే. ఎదుటి జట్టు ఒల్మ్‌స్టెడ్ అని, ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న కాలేజీ. అంతకుముందు ఆ పేరు మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు. ఒనీడా మంచాన్ని ముందుగదిలోకి తెచ్చి, నీలం స్వెట్టరు తొడిగి, దిండు పక్కన రేడియో పెట్టాం. నర్సు ఇచ్చి వెళ్ళిన చుక్కల మందు మగతగా ఉంటుందని మొదట వేసుకోనంది. నొప్పి ఆగక ఆట మధ్యలో వేసుకుంది. చాలాసేపు "పడింది", "పోయింది" అంటూనే ఉంది. చివర్లో మనవాళ్ళు నాలుగు పాయింట్లు ముందుండగా ఆమె గొంతు ఆగింది. చూస్తే నిద్రపోతోంది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గెలుపు చేతిలో ఉంటే స్టాంపర్ బంతి వెయ్యొద్దని, పట్టుకుని కూర్చోమని సైగ చేశాడు. కుర్రాళ్ళు బిగుసుకుపోయారు. బంతి ఒకసారి జారింది, రెండోసారి లాక్కున్నారు. మా వైపు ఫ్రీ త్రోలు రెండూ పోయాయి. పిల్లలు బిక్కమొహాలతో బెంచీ వైపు చూస్తున్నారు, ఆట కాసేపు ఆపే టైమవుట్ ఒక్కటి అడిగి నాలుగు మాటలు చెబితే తేరుకునేవాళ్ళు. ఆ మహానుభావుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి క్షణంలో ఒల్మ్‌స్టెడ్ కుర్రాడొకడు దూరంనుంచి విసిరాడు. టీవీలో బంతి ఇంకా గాల్లో ఉండగానే రేడియోలో మనవాళ్ళ గొంతు చచ్చిపోయింది. ఆర్లిస్ లేచి రేడియో కట్టేశాడు. ఆ బంతి తెర మీద బుట్టలో పడటం వాడు చూడలేదు. ఒక్క పాయింటుతో పోయాం.

ఆ నిశ్శబ్దానికే ఒనీడాకి మెలకువ వచ్చింది.

"ఏమైందిరా?"

"గెలిచాం అక్కా."

"ఎంతతో?"

"నాలుగు."

"చివర్లో నిద్రపోయానా, నా ఖర్మ," అని నవ్వింది. ఎన్నాళ్ళకో ఆకలేస్తోందని, మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలిపి పెట్టమంది. ఆర్లిస్ నా వైపు చూశాడు. ఒనీడా మొహంలో వెలుగు చూశాక ఆ అబద్ధానికి నేనూ భుజం ఇచ్చాను. ట్రక్కులో ఏదో మర్చిపోయానని వాడు బయటికి వెళ్ళాడు. ఆమె గిన్నెడూ తింది. నవంబరులో కాలేజీకి ఏ చెప్పులేసుకెళ్ళాలో కూడా అడిగింది.

నేను వంటింట్లో గిన్నె కడిగి వచ్చేసరికి ఆమె చెయ్యి రేడియో మీద ఉంది. గెలిచిన రోజు కదా, పొగడ్తలు వినాలి. ఆ నియమం నాకూ వాడికీ ఎలా గుర్తు రాలేదో ఆ దేవుడికే తెలియాలి.

ఎవడో స్టాంపర్‌ని మూటాముల్లె సర్దుకొమ్మని తిడుతున్నాడు. ఒనీడా మొహం చిట్లించింది. నేను వెళ్ళి కట్టెయ్యబోతుండగా లోవెల్ గొంతు, "లారెల్ క్రీక్ నుంచి ఆర్లిస్ గారు, చెప్పండి" అంది. ఒనీడా అరచెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"ఉండనీ. మావాడు."

కిటికీలోంచి చూస్తే వాడు ట్రక్కులో కూర్చుని ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఫోన్ చేసేవాళ్ళు తమ దగ్గర రేడియో కట్టెయ్యాలి, లేకపోతే గొంతు తిరగబడుతుంది. బూతులొస్తే తీసెయ్యడానికి లోవెల్ మాటను కొన్ని క్షణాలు ఆపి వదులుతాడు. అందుకని వాడి పెదవులు ముందు కదిలాయి, మాట తర్వాత మా గదిలోకి వచ్చింది.

"ఆ కోచ్ గారికి ఒక్క మాట చెప్పండి లోవెల్. వచ్చే ఏడు చూద్దామన్నాడట. ఆయనకుంది వచ్చే ఏడు. మా అక్కకి లేదు. డాక్టరమ్మ ఎండాకాలం దాకా కూడా చెప్పలేనంది. నన్ను పెంచిన మనిషి. ఇప్పుడే ఆమెకి గెలిచామని అబద్ధం చెప్పొచ్చాను. ఆట విషయంలో ఎన్నడూ ఆడలేదు ఆమెతో అబద్ధం. టైమవుట్ ఇంకోటి మిగిలే ఉంది కదా. దాన్ని దాచుకుని ఏం చేసుకుంటాడు ఆయన?"

లోవెల్ మీ అక్కగారి కోసం అందరం ప్రార్థిస్తామని గొణిగి, టైర్ల దుకాణం ప్రకటన వేశాడు. నేనే రేడియో కట్టేశాను. ఒనీడా స్వెట్టరు గుండీ పట్టుకుని తిప్పుతోంది.

ఆర్లిస్ మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చుకుని లోపలికి వచ్చాడు. రేడియో ఆమె ఒడిలో ఉండటం చూశాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రేడియోలో రెండు మాటలు చెప్పావు," అంది ఒనీడా. "రెండూ నిజమేనా?"

వాడు, "రెండూ నిజమే అక్కా," అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. కార్విన్ ఓడిందని కూడా ఏడవలేదు. "టైమవుట్ నిజంగానే మిగిలిందా?" అని అడిగింది. వాడు తలూపాడు. ఆమెకి కనబడలేదు. "మిగిలింది ఒనీడా," అని నేను చెప్పాను.

ఆ తర్వాత ఆమె బతికింది ఏప్రిల్ చివరిదాకా. వాడు మంచం పక్కనుంచి కదలకుండా సేవ చేశాడు, అది నేను కాదనను. కానీ వాడు కషాయం చల్లారింది అన్నా, బయట ఎండ కాస్తోంది అన్నా, ఆమె ముందుగా నా గొంతు ఉన్న వైపు మొహం తిప్పి, "నిజమేనా రీథా?" అని అడిగేది. కసితో అడిగింది కాదు. ఒకసారి అడగడం అలవాటైతే మనిషి మానలేడు. నేను నిజమే అన్నాకే తాగేది. వాడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడేవాడు. ఆఖరి రోజు "నేనిక్కడే ఉన్నాను అక్కా" అన్నాడు. దానికీ నన్నే అడిగింది.

స్టాంపర్‌కేం, దుక్కలా ఉన్నాడు. కాలేజీవాళ్ళు అతనికి ఇంకో ఏడు అవకాశం ఇచ్చి చూద్దామన్నారు.

మొన్న నవంబరులో మొదటి మ్యాచ్ రోజు చిక్కుడుగింజల కూర తీసుకుని వెళ్ళాను. టీవీ గొంతు నొక్కేసి ఉంది. రేడియో దాని పక్కనే ఉంది, పలకడం లేదు. పెట్టనా అని అడిగితే వద్దన్నాడు. ఎవరు ముందున్నారని అడిగితే తెలియదన్నాడు. తెర మీద ఎవడో కుర్రాడు బంతి పైకెత్తాడు. ఆర్లిస్ తెర వైపు చూడకుండా, ఒనీడా కూర్చునే రెండో కుర్చీ వైపు తల వంచి ఆగాడు. పడిందో పోయిందో నేనూ చూడలేదు. కూర గిన్నె బల్ల మీద పెట్టి వచ్చేశాను.