డిక్కీ ఖాళీ చేసి తీసుకెళ్ళిన కారు

మా నాన్న కళ్ళకు ఏమీ కాలేదని మొదటి నుంచీ అన్నది ఇంట్లో నేనొక్కదాన్నే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత అందరూ మేమూ అలాగే అనుకున్నామని చెప్పుకు తిరిగారు. అన్నయ్య అయితే మరీనూ.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉంది. మేం మారేడ్‌పల్లిలో ఉండేవాళ్ళం. నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాదు వచ్చి, ఇక్కడే హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. నేను ఇంటికి దగ్గర్లోని బడిలో సైన్సు టీచర్ని. అన్నయ్య మల్కాజ్‌గిరిలో వేరే కాపురం ఉండేవాడు. కాపురం అక్కడే గానీ, పెత్తనం మాత్రం మా ఇంట్లో చేసేవాడు.

ప్రతి శుక్రవారం సాయంత్రం మా చర్చివాళ్ళు ఒక్కో వారం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకునేవారు. ఎవరింట్లో అయినా సరే, సామాను చేరవేసే పూచీ మా నాన్నది. మా పాత కారు డిక్కీలో హార్మోనియం, రెండు అట్టపెట్టెల నిండా పాటల పుస్తకాలు, నాలుగు జంపఖానాలు, మైకు పెట్టె ఉండేవి. వాటికి తోడు, కరెంటు పోయినా మైకు ఆగకూడదని ఒక లారీ బ్యాటరీ. పాట మధ్యలో కరెంటు పోవడం ఆ రోజుల్లో మామూలే. నాన్నకు అప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. ఆ బ్యాటరీని తనే ఎత్తేవాడు. ఇంకెవరైనా చెయ్యి వేస్తే ఒప్పుకునేవాడు కాదు.

ఆ ఏడాది వానలు వెలిశాక తంటా మొదలైంది. చీకటి పడేవేళ బయల్దేరితే చాలు, ఎదురొచ్చే ప్రతి బండీ మాకు డిప్పర్ కొట్టేది. డిప్పర్ అంటే తెలుసు కదా, లైటు టపటపా పైకీ కిందికీ వేసి, నీ వెలుగు నా కళ్ళలో పడుతోందిరా అని తిట్టడం. నాన్న ఎప్పుడూ డిమ్ములోనే నడిపేవాడు. అయినా బస్సులవాళ్ళు కసిగా ఫుల్ లైటు వేసి మా మొహాన కొట్టేవారు. ఆ దెబ్బకు నాన్నకు రెండు క్షణాలు ఏమీ కనబడేది కాదు. ఒకసారి అలాగే పద్మారావు నగర్ మలుపులో డివైడరు రాయి ఎక్కించేశాడు. దెబ్బలేం తగల్లేదు గానీ, కూడికకని అమ్మ ఒళ్ళో పెట్టుకున్న డబ్బాలోని పులిహోర సీటంతా పరుచుకుంది.

మర్నాడు అన్నయ్య వచ్చి తీర్పు చెప్పేశాడు. "నాన్నకు చూపు ఆనడం లేదే. క్రిస్మస్ దాకా ఎలాగోలా నడుపుకోనీ. తర్వాత తాళం నాకిచ్చేయమని నువ్వే చెప్పు."

నాతో చెప్పాడు గానీ, పక్క గదిలో ఉన్న నాన్నకు వినబడేంత గొంతుతోనే చెప్పాడు.

తర్వాతి శుక్రవారం కూడికలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ నాన్న లేచి నిలబడ్డాడు. సాధారణంగా అక్కడ ఒకరు మోకాళ్ళ నొప్పుల గురించీ, ఒకరు పిల్లల పరీక్షల గురించీ చెబుతారు. నాన్న అన్నాడు, "నా చూపు మందగిస్తోంది. క్రిస్మస్ తర్వాత కారు నడపడం మానేద్దామనుకుంటున్నాను. సామాను తెచ్చే పని ఇంకెవరైనా తీసుకోండి. దాన్ని సంతోషంగా వదులుకునే మనసు నాకివ్వమని ప్రార్థన చేయండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. కారంటే నాన్నకు మోజేం కాదు. రిటైరయ్యాక ఆయన కోసం నలుగురు ఎదురుచూసే రోజు వారానికి అదొక్కటే మిగిలింది. దాన్ని ఆయన తన చేత్తోనే తీసి పక్కన పెట్టేస్తున్నాడు.

నా వాదన ఒక్కటే. కళ్ళు పాడైతే మనకు కనబడదు, బాగానే ఉంది. ఎదుటివాడెందుకు డిప్పర్ కొడతాడు? వాడికి నాన్న కళ్ళతో ఏం పని? ఈ ముక్క అన్నయ్యతో అంటే, "నీ సైన్సు బడిలో చెప్పుకో" అన్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నాన్న ఏదో వంక చెప్పి వాయిదా వేసేవాడు. నిజం చెప్పొద్దూ, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. పైకి ఎంత బింకంగా మాట్లాడినా లోపల నాకూ భయమే.

నాన్న అప్పటికే రెండుసార్లు కారును మల్కాజ్‌గిరి దారిలోని మెకానిక్కుకు చూపించాడట. ఆయన మాకు చాలా ఏళ్ళుగా తెలిసినవాడు, పనిమంతుడు. రెండుసార్లూ ఒకటే మాట చెప్పాడట: "లైట్లు బరాబర్ ఉన్నయ్ సార్. కండ్లు చూపెట్టుకోండ్రి."

ఇక లాభం లేదని ఆ సంగతి నేనే తేల్చాలనుకున్నాను. పదో తరగతికి కాంతి పాఠం పదిహేనేళ్ళు చెప్పినదాన్ని, రెండు దీపాల సంగతి తేల్చలేనా? ఒక సాయంత్రం కారును మా బడి వెనక ఆట స్థలానికి తెప్పించాను. అక్కడ సిమెంటు నేల బల్లపరుపుగా ఉంటుంది, ఎదురుగా తెల్లగోడ. టైర్లలో గాలి చూసి, గోడకు అయిదు మీటర్ల దూరంలో కారు నిలిపి, దీపాల ఎత్తు కొలిచి, గోడ మీద దానికి అయిదు సెంటీమీటర్లు కిందగా సుద్దముక్కతో అడ్డగీత గీశాను. డిమ్ములైటు పై అంచు ఆ గీత దాటకూడదు. దాటిందంటే రోడ్డు మీదికి పడాల్సిన వెలుగు ఎదుటివాడి మొహం మీదికి వెళ్తోందన్నమాట. మెకానిక్కును కూడా పిలిచాను.

నాన్న సీట్లో కూర్చుని లైట్లు వేశాడు. రెండు దీపాల అంచులూ గీత మీద చక్కగా కూర్చున్నాయి.

"నేనేం చెప్పిన మేడం?" అన్నాడు మెకానిక్.

స్టీరింగు పక్కన సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం ఒకటుంది. అది వెలుగు పెంచేదని నాన్న నమ్మకం. బ్యాటరీ మిగులుతుందని దాన్ని ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంచేవాడు. నేను దాన్ని తిప్పి చూశాను. ఎడమ దీపం అంచు బుద్ధిగా కిందికి దిగింది. కుడిది కదల్లేదు.

"దొరికింది దొంగ!" అన్నాను.

మెకానిక్ బానెట్ ఎత్తి దీపం వెనక చెయ్యి పెట్టి చూశాడు. "ఔ మేడం, కుడి మోటర్ జామైంది. లైటును కిందికి మీదికి జేసేది గిదే. రాణీగంజ్‌ల పాతది దొరుకుతది, ఏస్తా. గని ఈ చక్రం తోని అందరికి పని పడది. బరువుంటెనే దించుకోవాలె. మీరు లోడు గిట్ల ఏస్తరా?"

"లోడా? లేదు. మేం ముగ్గురమే" అన్నాను.

నేనే అన్నాను. ఇప్పుడు తలచుకున్నా సిగ్గుగా ఉంటుంది. దేవుడి సామానును మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ బరువు అనలేదు. నాన్నా అనలేదు, నేనూ అనుకోలేదు. జామైన ఆ మోటరే గతుకుల్లో ఊగి దీపాన్ని పైకి ఎగరేస్తోందని అక్కడికక్కడే తీర్మానించేశాను. రెండు రోజుల్లో పాత మోటరొకటి వేయించాను. ఇక ఎవడు డిప్పర్ కొడతాడో చూస్తానని అన్నయ్యకు ఫోన్ చేసి మరీ సవాలు విసిరాను.

ఆ శుక్రవారం మొదటి డిప్పర్ మా వీధి చివరే పడింది. రెండోది పెట్రోలు బంకు ముందు. మూడోది ఒక బస్సు, హారన్‌తో సహా. నాన్న కారును నెమ్మదిగా ఓ పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే పెట్టుకుని అన్నాడు, "నా కళ్ళే అమ్మాయ్. నువ్విక తాపత్రయపడకు."

ఆ రోజు కూడికలో ఏ పాట పాడారో కూడా నాకు గుర్తు లేదు.

మర్నాడు ఉదయం కాఫీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి నాన్న డిక్కీలో సామానంతా తీసి వరండాలో పెడుతున్నాడు. నా మనసు కుదుటపడటానికి కారును మెకానిక్కుకు మరోసారి చూపిస్తానని రాత్రి ఒప్పుకున్నాడు మరి.

"అవన్నీ ఎందుకు తీస్తున్నావు నాన్నా?"

"షెడ్డుకు కదా తీసుకెళ్ళేది. అక్కడంతా ఆయిలూ, గ్రీజూ. పాటల పుస్తకాల మీద పడితే? అయినా ఒకరి చేతికి వస్తువు ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వద్దా?"

"ఇంతకుముందు రెండుసార్లు కూడా ఇలాగే తీశావా?"

"ఎప్పుడూ తీసే తీసుకెళ్తాను. మీ బడికి తెచ్చిన రోజు కూడా తీశాను. అక్కడికీ మెకానిక్ వస్తాడన్నావు కదా."

అంటూనే బ్యాటరీని రెండు చేతులా పట్టుకుని కిందికి దించాడు. కారు వెనక భాగం నా కళ్ళ ముందే పైకి లేచింది. టైరుకూ దానిపై రేకుకూ మధ్య అంతకుముందు రెండు వేళ్ళ సందే ఉండేది. ఇప్పుడు నా అరచెయ్యి మొత్తం దూరింది.

వెనక కుంగితే ముందు లేస్తుంది. ఏడో తరగతి పిల్లకు కూడా తెలిసిన సంగతి. గ్లాసు గోడ మీద పెట్టి అక్కడే నవ్వడం మొదలుపెట్టాను. నాన్న కంగారుపడ్డాడు. "సామాను మొత్తం మళ్ళీ లోపల పెట్టు నాన్నా. ఒక్క పుస్తకం కూడా వదలకు" అన్నాను.

సాయంత్రం మళ్ళీ బడి గోడ దగ్గరికి వెళ్ళాం, మెకానిక్కునూ అక్కడికే రమ్మన్నాను. నా సుద్దగీత ఇంకా అలాగే ఉంది. ఈసారి నిండు డిక్కీతో లైట్లు వేస్తే, వెలుగు అంచు గీతకు జానెడు పైన నిలబడింది. మెకానిక్ ఒకసారి గోడ వంక, ఒకసారి కారు వంక చూసి, వెళ్ళి డిక్కీ తెరిచాడు.

"అరె, సార్! గింత సామాన్ ఉంటదని ఒక్కనాడు సుత చెప్పలే! ఎప్పుడు జూసినా డిక్కీ అద్దం లెక్క ఉంటుండె."

నాన్న మొహం చిన్నబోయింది. బడి పిల్లల తప్పులు దిద్దిన మనిషి, తప్పు పట్టుబడిన పిల్లాడిలా నిలబడ్డాడు. "పుస్తకాలు పాడవుతాయని..." అన్నాడు.

"పరేషాన్ కాకుండ్రి. పుస్తకాల దిక్కు చెయ్యి సుత పెట్ట" అని మెకానిక్ కారులో కూర్చుని ఆ చిన్న చక్రాన్ని తిప్పాడు. ఒకటి. రెండు. మూడు. రెండు దీపాలూ కలిసికట్టుగా దిగుతూ వచ్చి, మూడు దగ్గర గీతను తాకాయి. పాత మోటరు వేయించడం వృథా పోలేదు. లేకపోతే కుడి దీపం అక్కడే మొండికేసుకుని ఉండేది.

"వెనక స్ప్రింగులు సుత కూసున్నయ్ మేడం. గవి మారుస్తే రెండు మీద పెట్టుకుంటె సరిపోతది" అన్నాడు. మార్పించాం. అన్నయ్య మాట కూడా తీసేయడమెందుకని, నాన్నను కళ్ళ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాను. అద్దాల నంబరు కొంచెం మారిందనీ, కారు నడపడానికి అభ్యంతరం లేదనీ చెప్పారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నేను కాసేపు ఊరికే ఏడ్చాను. నాన్న పక్కనే నిలబడి నా చేతిసంచి పట్టుకున్నాడు.

ఆ శుక్రవారం కూడిక మల్కాజ్‌గిరిలో, అన్నయ్య ఇంట్లోనే. చక్రం రెండు మీద పెట్టి నాన్న బయల్దేరాడు. నేను వెనక సీట్లోంచి ఎదురొచ్చే బండ్లను లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆటోలు, బస్సులు, ఒక నీళ్ళ ట్యాంకరు. నలభై దాటాక లెక్క మానేశాను. ఒక్కరూ డిప్పర్ కొట్టలేదు.

కూడికలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, నాన్న లేచాడు. మునుపటి మనవి గుర్తున్నవాళ్ళు కళ్ళు బాగయ్యాయని చెబుతాడనుకుని ముందే "స్తోత్రం, స్తోత్రం" అన్నారు.

"ఆగండి" అన్నాడు నాన్న. "నా కళ్ళు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. తప్పు నాది. మెకానిక్కుకు చూపించిన ప్రతిసారీ డిక్కీ ఖాళీ చేసి తీసుకెళ్ళాను. మోసే బరువు చూపించకుండా బండి బాగుచేయమన్నాను. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు?"

ఇల్లంతా నవ్వింది. హార్మోనియం ముందు కూర్చున్న అమ్మ కూడా నవ్వింది. నవ్వులు ఆగేదాకా నాన్న నిలబడే ఉన్నాడు.

"క్రిస్మస్ తర్వాత కూడా సామాను నేనే తెస్తాను. కానీ ఇంకొక మాట కూడా ఉంది." అన్నయ్య వైపు చూశాడు. "ఆ బ్యాటరీ ఎత్తడం నావల్ల కావడం లేదు. రెండేళ్ళ నుంచీ కావడం లేదు. నడుం పట్టేస్తోంది. చెబితే కారు కూడా వద్దంటారని చెప్పలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అన్నయ్య తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఇంట్లో ఉండి, అన్నీ కొలిచిన నాకు కూడా అది తెలియలేదు.

కూడిక అయ్యాక అన్నయ్య వెళ్ళి బ్యాటరీని ఎత్తుకుని కారు దాకా మోసుకొచ్చాడు. డిక్కీలో పెట్టి, తలుపు మెల్లగా వేశాడు. కారు వెనక్కి కాస్త కుంగింది. నాన్న సీట్లో కూర్చుని, తాళం తిప్పబోయే ముందు చక్రం రెండు మీదే ఉందో లేదో వంగి చూసుకున్నాడు.

"వచ్చే శుక్రవారం అయిదున్నరకల్లా మన ఇంటికి రా" అన్నాడు అన్నయ్యతో. "నువ్వొచ్చాకే ఎక్కిద్దాం."