పోట్లాడని జట్టు

సంస్థలో ఆమెను ఎదుట అమ్మగారూ అంటారు, వెనక మార్కులమ్మ అంటారు. రకరకాల శాస్త్రాల వాళ్ళను ఒక జట్టుగా కట్టి పరిశోధన చేయిస్తారు కదా, వాళ్ళు నిజంగా కలిసి పనిచేస్తున్నారా అని చూసి మార్కులు వేయడమే ఆమె ఉద్యోగం. సమావేశాల్లో వెనక కుర్చీలో కూర్చుంటుంది, నోరు మెదపదు. ఇంట్లో ఆడపడుచు కూడా "మా వదినకు నోట్లో నాలుక లేదు" అని మురిసిపోతుంది. ఆమె దాన్ని పొగడ్త అనే అనుకుంది.

ఆ ఏడాది ఉన్న రెండు జట్లలో ఒకదాన్నే ఉంచుతామన్నారు డైరెక్టరు. మొదటిది మహా మర్యాదస్థుల జట్టు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు తలలూపుతూ ఫోన్లు చూసుకుంటారు. ఎవరి ముక్క వాళ్ళు రాసుకుని, చివర్లో కలిపి పిన్ను కొట్టి, అందరి పేర్లూ పెట్టేస్తారు. ఒకే ఇంట్లో నాలుగు పొయ్యిలు. ఇదీ వాళ్ళ సఖ్యత!

రెండోది బస్తీ పిల్లలకు విరేచనాలు ఎందుకు తగ్గడం లేదో చూసే జట్టు. అక్కడ రోజూ రణరంగమే. నీళ్ళు పరీక్ష చేసే ఆవిడ కుళాయి నీళ్ళు శుభ్రంగా ఉన్నాయంటుంది. మరి నా వార్డు ఎందుకు నిండుతోందని పిల్లల డాక్టరు ఎగిరిపడతాడు. ఇల్లిల్లూ తిరిగి జనంతో మాట్లాడే ఆయన ఒకరోజు ఆవిణ్ణి, పరీక్షకు నీళ్ళు ఎలా పడతారని అడిగాడు. పద్ధతి ప్రకారం కుళాయి కాసేపు వదిలేసి, ఆ తర్వాతే సీసా పెడతానంది.

"అక్కడ ఎవరూ నీళ్ళు వదిలేయరండీ. మొదటి చుక్కకే బిందె పెడతారు."

ఆవిడ మండిపడింది. నా పని నాకు నేర్పొద్దంది. మర్నాడు మాత్రం వెళ్ళి మొదటి చుక్కకే సీసా పెట్టింది. ఆ నీళ్ళలో మురుగు దొరికింది. అది పైపులోకి ఎక్కడ కలుస్తోందో వెతకడమే ఇక మిగిలింది.

సహచరులతో మీకు ఏకాభిప్రాయం ఉందా అన్నది మార్కుల్లో ముఖ్యమైన ప్రశ్న. మర్యాదస్థులంతా ఉందన్నారు. బస్తీ జట్టు ముగ్గురూ లేదన్నారు. లెక్క ప్రకారం మర్యాదస్థులే గెలిచారు. కొలతే తప్పని ఆమెకు తెలిసిపోయింది, డైరెక్టరు గదిదాకా వెళ్ళింది కూడా. ఆయన నవ్వుతూ కుర్చీ చూపించి, "మనలో మనకి గొడవలెందుకమ్మా" అన్నారు. సరేనండీ అని మార్కుల కాగితం మీద సంతకం పెట్టి వచ్చేసింది.

బస్తీ జట్టును ఎత్తేశారు. డాక్టరు తన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూశాడు.

"మాది తప్పయితే మాతో పోట్లాడాల్సింది. కాకపోతే ఆయనతో పోట్లాడాల్సింది. మీరు ఎవరితోనూ పోట్లాడలేదు కదండీ."

ఆ సాయంత్రం సభలో డైరెక్టరు ఆమెను నిలబెట్టి మెచ్చుకున్నారు. ఈమెతో కలిసి పనిచేయడం హాయి, ఎన్నడూ ఎదురు చెప్పరు అన్నారు. మర్యాదస్థులు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆమె దండం పెట్టి కూర్చుంది.

మర్నాడు బస్తీలో నీళ్ళు వదిలారు. మొదటి చుక్కకే అందరూ బిందెలు పెట్టారు.