కినోవా కార్డులో విత్తిన తేదీ

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, అక్టోబరులో, నర్సీపట్నంలో వ్యవసాయాధికారిగా ఉండగా కినోవా అనే విదేశీ గింజ పంట ప్రదర్శన క్షేత్రాల పని నాకు అప్పగించారు. కొత్త పంటను రైతు పొలంలోనే వేయించి చుట్టుపక్కల వాళ్లకు చూపించడాన్ని మా శాఖలో అలా అంటారు. కినోవాకు చలి కావాలి. నవంబరులో విత్తితే ఎండలు ముదిరేలోగా గింజ కడుతుంది.

కొయ్యూరు కొండల్లో కొండమ్మ గారి అరెకరం ఎంచుకున్నాను. మాంసకృత్తులు ఎక్కువని, గింజ మీది చేదు పోయేలా బాగా కడిగి వండుకోవాలని గంటసేపు ఉపన్యాసం దంచాను. చోడి (రాగి) అంబలి, ఉలవలు తిని ఆ కొండలన్నీ ఎక్కి దిగే మనిషికి బలమైన తిండి గురించి నేను చెప్పడం! ఆవిడ ఓపిగ్గా విన్నారు. ఆ పొలం చెక్కలో ఏటా చల్లే ఉలవలు నా మాట మీద ఆపేశారు.

శాఖ పంపిన కినోవా విత్తనం జనవరి చివర్లో వచ్చింది.

"సలి ఎల్లిపోతంటే ఇప్పుడేటి సల్లడం బాబూ? గింజ కడతాదా?" అని అడిగారు. కడుతుందన్నాను. కట్టదని నాకు తెలుసు.

ఆ వారమే మా పై అధికారి, సహాయ సంచాలకుడు, క్షేత్రం వివరాలు రాసే కార్డులో విత్తిన తేదీ నవంబరుదే వేయమన్నారు. లేకపోతే ఆలస్యానికి సంజాయిషీ ఆయన ఇచ్చుకోవాలి. నోరు మూసుకుని వేశాను.

ఎండలకు పూత మాడింది. కంకులు నలిపితే అంతా పొట్టే. పైరు ఎండిపోయాక వచ్చిన తనిఖీ బృందం గట్టు మీద నిలబడి కార్డు చూసింది. నవంబరులో విత్తారు, చలికాలమంతా దొరికింది, కాబట్టి 'రైతు యాజమాన్య లోపం', అంటే రైతే పైరును సరిగా చూసుకోలేదు, అని రాశారు. ఆ మాట పడిన రైతుకు మరుసటి ఏడు శాఖ విత్తనం ఇవ్వదు. కింద నేనూ సంతకం పెట్టాను.

మళ్లీ అక్టోబరులో ఆవిడ కొండ దిగి ఆఫీసుకు వచ్చారు. పంట లేక, దాచుకున్న ఉలవ విత్తనం కూడా వండుకు తినేశారట. శాఖ ఇచ్చే ఉలవ విత్తనం కావాలన్నారు. విత్తనం ఇచ్చే రైతుల జాబితాలో ఆవిడ పేరు కొట్టేసి ఉంది. కారణం గుమస్తా చదివి వినిపించాడు.

ఆవిడ నా బల్ల దగ్గరకు వచ్చి, "నా తప్పేటో సెప్పండి బాబూ. ఈపాలి అలగ సెయ్యను" అన్నారు.

పైవాళ్లతో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది, అంతే. ఆ చెక్క ఆ ఏడు బీడే.

విత్తిన తేదీని సర్వీసంతా ఒక గడి నింపే పనిగానే చూశాను. పంట పోయినప్పుడు నింద ఎవరి మీద పడాలో ఆ గడే తేలుస్తుందని కినోవా నేర్పింది. కొండమ్మ గారు చేసిన తప్పు నా మాట నమ్మడం. ఆవిడ అడిగిన రోజున ఆ జవాబు నాకు తెలుసు. చెప్పలేదు.