తువ్వాల ఎవరి తలకుంటే వాళ్లదే మాట

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో ఫోన్ పట్టుకుని గట్టిగా గొప్పలు చెబుతున్నాను. అలాస్కాలో పడవ అద్దెకు తీసుకుని, నలుగురు దోస్తులం మంచుకొండల మధ్య మేమే నడుపుకుంటూ తిరగబోతున్నామని. ఫోన్ పెట్టేయగానే పక్క సీట్లో పెద్దాయన నావైపు తిరిగాడు. కందకుర్తిలో గోదావరి మీద ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్నాడట.

"గా పడవ ఎవలు నడుపుతరు బిడ్డా?"

"నలుగురం నేర్చుకున్నం బాపూ. అందరం నడుపుతం."

"గట్లయితే మునుగుతరు," అన్నాడు, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. తలకున్న ఎర్ర తువ్వాల విప్పి నా తలకు చుట్టాడు. "మా కాడ పడవెక్కేముందే గిది ఒక్కని నెత్తికి కడ్తం. దిగేదాంక వాని మాటే. వాడు తప్పు జెప్పినా సరే, కడమోళ్లు నోరు మూసుకోవాలె."

తన తువ్వాల తిరిగి తీసుకుని బోధన్‌లో దిగిపోయాడు. నేను బజారుకు పోయి అలాంటిదే ఒకటి కొన్నాను.

అలాస్కాలో ఆరో రోజు, మా ఎదురుగా మంచుగోడ విరిగి నీళ్లలో పడింది. పెద్ద అల లేచింది. స్టీరింగ్ నా చేతిలో ఉంది, ఆ రోజు తువ్వాల మా నలుగురిలో సరిత తలకుంది.

"కుడికి!" అంది సరిత.

ఎడమకే తిప్పాలని నాకు గట్టిగా అనిపించింది. నోరెత్తకుండా కుడికి తిప్పాను. పడవ అలెక్కి, దిగి, నిలబడింది.

ఎడమే మేలని ఇప్పటికీ వాదిస్తాను. వాదించుకోవడానికి నలుగురం ఉన్నాం.